నూటికి తొంభై రెండు

నేను లెక్కల మాస్టార్ని. హైదరాబాదులో ఓ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు కాలిక్యులస్ చెబుతాను. వీక్లీ టెస్టులో నూటికి తొంభై రెండు వచ్చాయని మొహం వెలిగిపోతూ వచ్చిన పిల్లాణ్ణి ‘మిగతా ఎనిమిదీ ఎక్కడ తగలేశావురా’ అని అడగడం మా స్టాఫ్ రూములో తప్పు కాదు. అదే మా ప్రేమ. ఆ ప్రేమను నా సొంత కొడుకు మీద వాడు పుట్టిన మర్నాటి నుంచే చూపించాను. అప్పటికి వాడి బరువు 1150 గ్రాములు.

నెలలు నిండని పిల్లల్ని ఉంచే ఎన్ఐసీయూలో నేను వెలగబెట్టిన తెలివితేటల గురించి రాస్తానంటే మా ఆవిడ ‘రాస్తే అన్నీ రాయండి, నవ్వొచ్చేవి మాత్రమే ఏరుకుని రాయకండి’ అంది. నవ్వు రానిదాన్ని ఎక్కడో మధ్యలో ఇరికించేద్దామనుకున్నాను. ఆవిడ అదీ కనిపెట్టింది. అంచేత ముందు అదే.

ఇరవై తొమ్మిదో వారంలో ఆవిడకు బీపీ పెరిగింది. కాళ్ళు వాచాయి, యూరిన్‌లో ప్రోటీన్ పోతోందన్నారు. అడ్మిట్ చేసుకున్న సాయంత్రమే డాక్టరమ్మ వచ్చి, ‘బీపీ అదుపులోకి రాకపోతే డెలివరీ ముందే చేసేయాల్సి రావచ్చు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడదాం’ అంది.

స్టెరాయిడ్ అన్న మాట విన్నాక మిగతాదేదీ నా చెవికెక్కలేదు. నాకు తెలిసిన స్టెరాయిడ్లు రెండే. ఒకటి జిమ్ముల్లో కుర్రాళ్ళు కండల కోసం పొడిపించుకునేది. రెండోది మా మేనమామ ఉబ్బసానికి ఏళ్ళ తరబడి మింగితే ఆయన మొహం ఉబ్బి, ఎముకలు గుల్లబారిపోయినది. కడుపులో ఉన్న పసిగుడ్డుకి స్టెరాయిడా? ‘ఆలోచించుకుని చెబుతాం మేడమ్’ అన్నాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఫోన్ తీసి వెతికాను. అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుక్కి మెసేజ్ పెట్టాను. వాడు సాఫ్ట్‌వేరు, వాడి భార్య పళ్ళ డాక్టరు. వాళ్ళకింకా తెల్లారలేదు. తెల్లారాక వాడు ‘డాక్టర్ చెప్పింది చెయ్యన్నా’ అని ఒక్క ముక్క రాశాడు. అది చాల్లేదు నాకు. ఇంకా చదివాను. చదివినకొద్దీ భయం పెరిగింది. పొద్దున్న రౌండ్స్‌కి డాక్టరమ్మ మళ్ళీ వచ్చి అడిగితే అప్పుడు సంతకం పెట్టాను.

ఆ ఇంజెక్షన్ చరిత్ర నేను తర్వాత తీరిగ్గా చదివాను. న్యూజిలాండులో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల కాన్పుల మీద పరిశోధన చేస్తుంటే, స్టెరాయిడ్ అందిన ఓ గొర్రెపిల్ల, లెక్కప్రకారం పుట్టీ పుట్టగానే చచ్చిపోవలసింది, ఊపిరి పీలుస్తూ కనబడిందట. దాని వెంటపడి ఆయనా, హౌవీ అనే ఇంకో డాక్టరూ కలిసి గర్భిణుల మీద చేసిన పరీక్షల ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. మన దేశంలో ఎక్కువగా ఇచ్చేది డెక్సామెథజోన్: 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటి, నాలుగు డోసులు. ఖరీదైన మందేం కాదు, ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉంటుంది. మొదటి డోసుకీ నాలుగో డోసుకీ మధ్య ఒకటిన్నర రోజు పడుతుంది. మాకు అంత వ్యవధి దొరకలేదు. రెండో డోసు పడిన కాసేపటికి బీపీ చేయి దాటి, ఆవిణ్ణి థియేటర్‌లోకి తీసుకుపోయారు.

ఆ రాత్రి నేను ఆలోచించకుండా ఉండి ఉంటే ఇంకో డోసు పడేది. దానివల్ల వాడి ఊపిరి ఎంత తేలికయ్యేదో చెప్పగలిగినవారు లేరు. ‘రెండు డోసులకూ ఫలితం ఉంటుంది సార్’ అంది డాక్టరమ్మ. అది నిజమే. నన్ను చూసి చెప్పిన మాట కూడా.

అయితే మా ఆవిడ లెక్కలో నా అసలు తప్పు ఆలస్యం చేయడం కాదు. మంచం మీద పడుకుని ఉన్న మనిషిని, ఇంజెక్షన్ ఎవరికి పొడవాలో ఆ మనిషిని, ఒక్క మాట అడక్కపోవడం. నెలలు గడిచాక అడిగాను. ‘నన్నడిగితే అప్పుడే వేయించుకునేదాన్ని. ఎందుకిస్తారో డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. మీరేదో ఆలోచిస్తున్నారు కదా అని ఊరుకున్నా’ అంది. నా చేతికొచ్చిన నిర్ణయం అదొక్కటే. దాన్ని నాన్చాను. ఆ తర్వాత నా చేతిలో లేనివాటన్నిటి మీదా పెత్తనం చేశాను.

నిజానికి పెత్తనం అంతకుముందే మొదలైంది. అడ్మిట్ చేసిన రోజునే నేను డాక్టరమ్మను పక్కకి పిలిచి, ‘ఎనిమిదో నెల పడకముందే తీసేస్తే మంచిదంటారు కదా మేడమ్’ అన్నాను. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అన్న మాట మనవైపు విననివాళ్ళుండరు. ఇది మన సొంత సరుకు కూడా కాదు. హిపోక్రటీస్ పేరుమీద చలామణీలో ఉన్న గ్రీకు గ్రంథాల్లో ఎనిమిదో నెల శిశువు గురించే ప్రత్యేకంగా ఒకటుంది. రెండు వేల ఏళ్ళు దాటిన పొరపాటన్నమాట. మా అత్తగారు వేళ్ళ మీద, మా అమ్మ తిథుల మీద, నేను కాగితం మీద లెక్క కట్టి ఇరవై తొమ్మిది వారాలంటే ఇంకా ఏడో నెలేనని తేల్చాం. నాలుగు వారాలకో నెల చొప్పున వేస్తే ఎనిమిదో నెల పడిపోయినట్టు వచ్చింది. కనుక ఆ పద్ధతి వదిలేశాం. కావలసిన జవాబు వచ్చేదాకా పద్ధతి మార్చే పిల్లలకు నేను సున్నా వేస్తాను. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు. ‘ఏ నెలైనా సరే సార్, కడుపులో ఉన్న ప్రతి రోజూ మనకు లాభమే’ అంది. పక్కన నిలబడ్డ మా అత్తగారు ఆ మాట నమ్మలేదు. నేను నమ్మినట్టు తలూపాను.

వాడు పుట్టగానే ఏడ్చాడన్నారు. గంట తిరక్కుండా మూలుగు మొదలైంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్ గొట్టాలు ముక్కుకి పెట్టారు. ఆ గొట్టం రెండో కొస నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది, రాత్రీ పగలూ బుడబుడమంటూనే ఉంటుంది. వాణ్ణి వెచ్చగా పడుకోబెట్టిన వార్మర్‌కి కట్టిన అట్టముక్క మీద ‘బేబీ ఆఫ్’ అని మొదలుపెట్టి మా ఆవిడ పేరు రాసి ఉంది. నా పేరు లేదు. ఆ పరిస్థితిలో కూడా నాకు అది గుచ్చుకుంది. ‘సిస్టర్, ఫాదర్ పేరు రాయరా?’ అని అడిగాను. ‘బిల్లు మీద మీ పేరే ఉంటాది సార్’ అంది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ నర్సు.

సర్ఫాక్టెంట్ ఇవ్వాలన్నారు. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ఊపిరి వదిలిన ప్రతిసారీ ముడుచుకుని అతుక్కుపోకుండా లోపల పూతలా ఉండే పదార్థం అది. కడుపులో చివరి వారాల్లో తయారవుతుంది. ముందే పుట్టినవాళ్ళకు చాలినంత ఉండదు. ఈ లోటువల్లే ఆ పిల్లలు పోతున్నారని మేరీ ఎలెన్ ఆవరీ అనే డాక్టరమ్మ 1959లో పట్టుకుంది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఓ కొడుకు ఐదున్నర వారాలు ముందు పుట్టాడు. బరువు రెండు కిలోలపైనే. 39 గంటలు బతికి ఈ జబ్బుతోనే పోయాడు. పిల్లలకు సర్ఫాక్టెంట్ ఇచ్చి బతికించినట్టు జపాన్ నుంచి ఫుజివారా ప్రకటించింది 1980లో. అధ్యక్షుడి కొడుక్కి దొరకని మందు లెక్కల మాస్టారి కొడుక్కి దొరికింది. సంతకానికిచ్చిన కాగితంలో అది పంది ఊపిరితిత్తుల నుంచి తీసినదని ఉంది. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసే రకం కూడా ఉందట. మాది కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. ఈసారి ఆలోచించలేదు, అడగలేదు, సంతకం పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. ఇది చదివితే మా అమ్మకు తెలుస్తుంది. తెలియనీ.

ఇక మానిటర్. వాడి పాదానికి ఓ చిన్న పట్టీ చుట్టి ఉండేది. దానిలోంచి ఎర్రటి వెలుగు ఒకటి ఆ పాదాన్ని దాటి అవతలికి కనబడేది, వేళ్ళ మొదళ్ళతో సహా. ఆ వెలుతురే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండి ఉందో కొలిచి తెర మీద నీలం అంకెగా చూపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు అది 92.

‘సిస్టర్, తొంభై రెండే ఉంది. ఆక్సిజన్ కొంచెం పెంచండి.’

‘తొంభై రెండు మంచిదే సార్.’

‘నూటికి నూరు రావాలి కదా?’

‘వద్దు సార్. నంబరు కేసి సూడకండి, బాబు కేసి సూడండి. రంగు బాగుంది, మూలుగు తగ్గింది.’

బాబు కేసి చూస్తే నాకేం తెలుస్తుంది? నాకు తెలిసింది అంకెలే. నోట్‌బుక్ ఒకటి కొన్నాను. లోపలికి రానిచ్చినప్పుడల్లా అంకె రాసుకునేవాణ్ణి. సగటు కట్టాను, గ్రాఫ్ గీశాను. పక్క వార్మర్‌లో పాపకు 95 ఉంటే ఆ తండ్రిని చూసి కుళ్ళుకున్నాను. నా నోట్‌బుక్ చూసి ఓ నైట్ డ్యూటీ డాక్టరు ‘బాగా రాశారు సార్’ అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాను.

ఓ మధ్యాహ్నం అంకె 90కి దిగి అక్కడే నిలబడింది. సిస్టర్ అవతల ఇంకో బిడ్డ దగ్గర ఉంది. సీప్యాప్ పక్కన ఆక్సిజన్ శాతం మార్చే మర ఉంటుంది. 21 నుంచి 100 దాకా అంకెలుంటాయి దాని మీద. వాడిది 30 దగ్గర ఉంది. నా చెయ్యి దాని మీదకి వెళ్ళింది. తిప్పలేదు. తిప్పలేదని ఇప్పటికీ గట్టిగా చెబుతుంటాను గానీ, సిస్టర్ అరవకపోతే తిప్పేవాణ్ణే.

‘చెయ్యి తియ్!’ సార్ లేదు, అండీ లేదు.

నేనూ ఊరుకోలేదు. తండ్రిని పట్టుకుని అలాగేనా మాట్లాడేది అన్నాను. పెద్ద డాక్టర్ని పిలవమన్నాను. మా కాలేజీ డైరెక్టరుకు ఈ ఆసుపత్రి యాజమాన్యం తెలుసన్నాను. తెలియదు నిజానికి. పెద్ద డాక్టరు వచ్చాడు. చిన్నవాడే, నాకంటే అయిదారేళ్ళు తక్కువుంటాడు. సిస్టర్ చెప్పిందంతా విన్నాడు, నన్ను కూర్చోబెట్టాడు. ల్యాబ్ రిపోర్టు వెనక్కి తిప్పి రెండు గీతలు గీశాడు. అడ్డంగా రక్తంలో ఉన్న ఆక్సిజన్ పీడనం, నిలువుగా మానిటర్ చూపించే శాతం. మధ్యలో ఓ వంపు గీత. మొదట నెమ్మదిగా లేచి, నిటారుగా ఎక్కి, తొంభై దాటాక ఒరిగి, పైన పడుకుంది.

‘ఇక్కడ స్లోప్ ఎంత సార్?’ అన్నాడు, పడుకున్న చోట పెన్ను పెట్టి.

‘దాదాపు సున్నా.’

‘కదా. అంటే ఇక్కడ రక్తంలో ఆక్సిజన్ పీడనం రెండింతలైనా, మూడింతలైనా మానిటర్ వందే చూపిస్తుంది. తొంభై రెండు దగ్గరైతే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది. వంద దగ్గర నాకేమీ తెలియదు. బాబుకి బయటినుంచి ఆక్సిజన్ ఇస్తున్నంతసేపూ వంద కనబడితే నాకు భయం.’

బోర్డు మీద ఎన్ని వందల సార్లు గీసి ఉంటానో అలాంటి వంపుని. వాలు సున్నా అయిన చోట ఒక విలువ నుంచి రెండోది రాబట్టలేమని పరీక్షల ముందు గొంతు చించుకుని చెప్పేవాణ్ణి నేనే.

మిగతాది ఆయన కొంత చెప్పాడు, కొంత నేను చదువుకున్నాను. నెలలు నిండని బిడ్డ కంటి తెర మీద రక్తనాళాలు ఇంకా అంచు దాకా పాకి ఉండవు. ఆక్సిజన్ ఎక్కువైతే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాలకు, రక్తం అందని తెర అడ్డదిడ్డంగా కొత్త నాళాల్ని పుట్టిస్తుంది. అవి ముదిరితే తెరను లాగి ఊడదీస్తాయి. ఆర్ఓపీ అంటారు. బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు 1942లో మొదట దీన్ని వర్ణించాడు. ముందే పుట్టిన పిల్లలకు ధారాళంగా ఆక్సిజన్ ఇవ్వగలగడమే గొప్ప అనుకున్న కాలం అది. ఓ పుష్కరం తిరిగేసరికి సుమారు పది వేల మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్ళలో ఒకడు. ఆక్సిజన్ మీద అనుమానం పడ్డవాళ్ళలో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ ఒకరు, వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ ఒకరు. పాట్జ్ కొందరు పిల్లలకు ఎక్కువ, కొందరికి తక్కువ ఆక్సిజన్ ఇచ్చి చూస్తుంటే, తక్కువ ఇస్తున్న పిల్లల దగ్గర రాత్రిపూట నర్సులు జాలిపడి మర తిప్పేసేవారట. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు.

తర్వాత తప్పు రెండోవైపు జరిగింది. కళ్ళు కాపాడదామని ఆక్సిజన్ మరీ బిగబట్టారు. ప్రాణాలు పోయాయి. ఎంత ఉండాలో గట్టిగా తేల్చడానికి ఈ శతాబ్దం దాకా ఆగాల్సొచ్చింది. 2010లో వచ్చిన ఓ పెద్ద అమెరికన్ ట్రయల్‌లో 85-89 మధ్య ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు తగ్గింది, చావులు పెరిగాయి. 91-95 మధ్య ఉంచినవాళ్ళలో ఎక్కువమంది బతికారు, కళ్ళు జాగ్రత్తగా చూసుకోవాల్సి వచ్చింది. మా వాడి మానిటర్ పక్కన ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో ‘91-95’ అని రాసి ఉండేది. మొదటి రోజు నుంచీ ఉంది. ఆ అంకెల్ని నేను నా నోట్‌బుక్‌లో ఎక్కించుకోలేదు. అవి రీడింగ్ కావు కదా మరి.

సిస్టర్‌కు క్షమాపణ చెప్పాను. ‘పర్లేదు సార్, మీరు తిప్పలేదు కదా. తిప్పినోళ్ళు కూడా ఉన్నారు’ అంది.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చేసిందని రాస్తే బాగుండును. రాలేదు. మర్నాడో ఆ మర్నాడో కెఫీన్ మొదలుపెడుతున్నామన్నారు. ఇంత ముందు పుట్టినవాళ్ళు ఊపిరి తీయడం మధ్యమధ్యలో మర్చిపోతారు. ఇరవై సెకన్లు దాటితే మానిటర్ గోల పెడుతుంది, సిస్టర్ వచ్చి అరికాలు మీద వేలితో తడుతుంది, వాడు గుర్తొచ్చినట్టు ఊపిరి తీస్తాడు. కెఫీన్ అలా మర్చిపోకుండా చూస్తుంది. ‘కాఫీలో ఉండే కెఫీనేనా? మా ఇంట్లో పదో తరగతి దాకా పిల్లలకి కాఫీ ఇవ్వమండీ’ అన్నాను, చేతిలో క్యాంటీన్ కాఫీ కప్పుతో. రెండు వేల మంది పిల్లల మీద జరిపి 2006, 2007ల్లో ఫలితాలు ప్రకటించిన ట్రయల్ ఉందనీ, కెఫీన్ ఇచ్చిన పిల్లల ఊపిరితిత్తులూ, తర్వాత ఎదుగుదలా కూడా మెరుగ్గా ఉన్నాయనీ డాక్టరు చెప్పాడు. ఈసారి గ్రాఫ్ గీయలేదు.

పాల సంగతి మాత్రం నవ్వులాట కాదు. మా ఆవిడకు బీపీ దిగేసరికే రోజులు పట్టింది, పాలు పడలేదు. పిండితే చుక్కలు. వాడికి కావలసింది కూడా అంతే. పూటకు 1 మిల్లీలీటరు. నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం, దాని పై కొసకి పిస్టన్ తీసేసిన సిరంజి. సిస్టర్ దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంటుంది. నెట్టకూడదు, పాలు వాటంతటవే దిగాలి. ఆ ఒక్క మిల్లీలీటరు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. గొట్టంలో తెల్లటి గీత కదిలి, ఆగి, వాడు కక్కుకోబోయినట్టయితే కాస్త పైకి వచ్చి, మళ్ళీ దిగేది. తల్లిపాలు చాలేదాకా మిల్క్ బ్యాంకు పాలు వాడతామన్నారు. ఎక్కువున్న తల్లులిచ్చిన పాలను పరీక్షించి, 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి గడ్డకట్టించి ఉంచుతారు. మన దేశంలో మొదటిది ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ అర్మీడా ఫెర్నాండెజ్ పెట్టింది. డబ్బా పాలు తాగిన ఇలాంటి పిల్లల్లో పేగులు కుళ్ళే జబ్బు ఎక్కువనీ, అది వస్తే ఆపరేషన్ దాకా పోతుందనీ వాళ్ళు చెబుతూనే ఉన్నారు.

మా పెద్దమ్మ వరండాలో అందుకుంది. ‘ఎవరి పాలో ఏవిటో, ఏ కులమో తెలియకుండా ఎలా పోస్తార్రా?’

నేను కాదనలేదు. అవుననీ అనలేదు. లోపలికెళ్ళి డాక్టరుతో ‘డబ్బుకి వెనకాడను సార్, మంచి ఇంపోర్టెడ్ పాలపొడి చెప్పండి, తెప్పిస్తాను’ అన్నాను. పెద్దమ్మ మాటను నేను ఇంగ్లీషు మీడియంలో చెప్పానంతే. డాక్టరు ఏదో అనబోతుంటే వీల్‌చైర్‌లో కూర్చున్న మా ఆవిడ చెయ్యి చాచింది. బ్యాంకు పాలకు ఒప్పుకునే కాగితం తీసుకుని సంతకం పెట్టేసింది. నా వైపు చూడలేదు. కొన్నాళ్ళకు ఆవిడకు పాలు బాగా పడ్డాయి, మిగిలినవి ఆ బ్యాంకుకే ఇచ్చింది. అవి ఎవరి బిడ్డ తాగిందో, ఏ కులమో మాకూ తెలియదు.

బిడ్డను ఛాతీ మీద వేసుకుని కూర్చోవాలి, మీరు కూడా రావచ్చు అన్నప్పుడు నేను తప్పించుకు తిరిగాను. కారణం వింటే మీరు నవ్వుతారు. చొక్కా విప్పాలి. అక్కడ నర్సులున్నారు, నా విద్యార్థి ఒకడి అక్క అక్కడే డ్యూటీ డాక్టరు. ‘ఇన్ఫెక్షన్ వస్తుందేమో’ అని సాకు చెప్పాను. కంగారూ కేర్ అనే ఈ పద్ధతి కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర పుట్టింది. ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల్నే ఇంక్యుబేటర్లు చేశాడు. ఢిల్లీ ఆసుపత్రి ఒకటి కూడా పాల్గొని 2021లో ఫలితాలు వచ్చిన ట్రయల్‌లో, పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే చావులు నాలుగో వంతు తగ్గాయి. ఆ మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే సిఫారసు చేసింది. ఇన్ఫెక్షన్ కూడా దీనివల్ల తగ్గుతుందే గానీ పెరగదు. అయినా చివరికి నన్ను ఒప్పించింది ఈ ట్రయల్ కాదు. మా ఆవిడకు కుట్ల నొప్పి ఎక్కువై ఆ పూట కూర్చోలేనంది.

వాలు కుర్చీలో నన్ను వెనక్కి వాల్చి, గొట్టాలూ వైర్లూ సర్ది, వాణ్ణి బోర్లా నా గుండె మీద పెట్టి పైన గుడ్డ చుట్టారు. డోలీలో పచ్చడి జాడీని మోస్తున్నవాడిలా బిగుసుకుపోయాను. వాడి చెవి నా గుండె మీద ఆనింది. అరచేతి కింద వాడి వీపు లేచి దిగడం తెలుస్తోంది. లేచి, దిగి, ఓసారి లేవకుండా ఆగింది. నేను అరవబోయేలోగా మళ్ళీ లేచింది. మానిటర్ నా వీపు వెనక ఉంది. తల తిప్పితే వాడు కదులుతాడు. అంకె చూడకుండా వాడి పక్కన అంతసేపు గడపడం నాకదే మొదలు. సిస్టర్ వచ్చి, ‘సార్, టైమయింది, ఇవ్వండి’ అంటే, ‘ఇంకాసేపు’ అన్నాను. ‘మొన్నటిదాకా రమ్మంటే రాలేదు’ అని గొణిగింది.

సీప్యాప్ తీసేసి, ఆక్సిజన్ పూర్తిగా ఆపేసిన రోజు మానిటర్ 99 చూపించింది. నేను పరుగెత్తుకెళ్ళాను. ‘సిస్టర్, తొంభై తొమ్మిది వచ్చేసింది! తగ్గించండి!’

‘ఏం తగ్గించమంటారు సార్, బయటి గాలా?’

తెలివి వచ్చినా దాన్ని ఎక్కడ వాడాలో తెలియాలి కదా.

మూడో వారంలో కంటి డాక్టరు వచ్చాడు. చుక్కలు వేసి, కంటి రెప్పల్ని సన్నటి తీగ పరికరంతో తెరిచి పట్టి, నెత్తిన దీపం పెట్టుకుని, చేతిలో లెన్స్‌తో చూస్తారు. వాడి నోట్లో పంచదార నీళ్ళు చుక్క వేసినా ఏడుపు ఆగలేదు. గాజు తలుపు ఇవతల నుంచి చూసి ‘ఇంకోసారి ఇది వద్దు, కళ్ళు బాగానే తెరిచి చూస్తున్నాడు కదా’ అన్నాను. పైకి కనబడే జబ్బు కాదు సార్ ఇది అన్నారు. రెండు కళ్ళలోనూ రెండో స్టేజీలో ఉందని తేలింది. అప్పుడే లేజర్ చికిత్స అక్కర్లేదు, వారం వారం చూడాలి, ముదిరితే రెండు మూడు రోజుల్లోనే చేసేయాలి. ఆక్సిజన్ అంత కొలిచి ఇచ్చినా వచ్చింది. నేను మర తిప్పి ఉంటే ఏ స్టేజీలో ఉండేదో నేను లెక్క కట్టలేదు.

డిశ్చార్జి అయ్యాక కూడా వారం వారం వెళ్ళాలి. ఓ వారం కాలేజీలో ప్రీఫైనల్స్. ఎండలు మండిపోతున్నాయి. వాడు కూడా బాగా పాలు తాగుతున్నాడు. ‘వచ్చే వారం వెళ్దాంలే’ అని కాలేజీకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ, అత్తగారు ఆటోలో వాణ్ణి తీసుకెళ్ళి చూపించుకుని వచ్చేశారు. తగ్గుముఖం పట్టిందన్నారట. ‘మిమ్మల్ని అడిగితే ఆలోచిస్తారని’ అంది. ఆ తర్వాత అది దానంతటదే పూర్తిగా తగ్గింది. వాడికిప్పుడు బడికి పోయే వయసు, కళ్ళజోడు ఉంది.

అందరికీ ఇలా జరగదు. 1996లో చెన్నైలో నెలలు నిండకుండా పుట్టిన ఓ పాపకు ఈ పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. సుప్రీంకోర్టు 2015లో దాదాపు 1.8 కోట్ల రూపాయల నష్టపరిహారం ఇప్పించింది. చూపు ఇప్పించడం కోర్టు వల్ల కాలేదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో 34 వారాలకు ముందు పుట్టిన బిడ్డ గానీ, పుట్టినప్పుడు రెండు కిలోలకు తగ్గిన బిడ్డ గానీ ఉంటే, డిశ్చార్జి కాగితాలు తీసి ఆర్ఓపీ అన్న మాట ఎక్కడుందో వెతకండి. దాని పక్కన తేదీ లేకపోతే డాక్టర్ని అడగండి. పుట్టిన 30 రోజుల్లోపు ఆ పరీక్ష జరిగి తీరాలి. 28 వారాలకు ముందో, 1200 గ్రాముల లోపో పుట్టిన పిల్లలకైతే రెండు మూడు వారాలకే. మళ్ళీ రమ్మన్న తేదీ వేసవిలో పడినా, పరీక్షల్లో పడినా, ఆ తేదీకే వెళ్ళండి.